కిటికీ లేని గదికి పరదా

ముత్తాతల పేర్లు దొరుకుతాయేమోనని మా మనవరాలు నిన్న పాత జనాభా లెక్కలు వెతికింది. పేర్లు దొరకలేదు. మా ఊళ్లో మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, చదువురానివాళ్లెందరు అన్న అంకెలే దొరికాయి. "చూడు నాయనమ్మా, ఈ చదువురాని ఆడవాళ్లలో నువ్వూ ఒకదానివి" అని ఫోను నా ముందు పెట్టి నవ్వింది. కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను. అరవై దాటాక నేర్చిన అక్షరాలు, నెమ్మదిగానే నడుస్తాయి. అవి ఏ ఏటి లెక్కలో చూశాక చెప్పాను, అందులో నేను లేనని.

అప్పుడు నేను ఉమ్ అల్ క్వైన్‌లో ఉన్నాను. మా ఊరివాళ్లకు అదీ దుబాయే. అరబ్బుల ఇంట్లో పనికని వెళ్లి, వాళ్లు వద్దన్నాక మా ఆయన ఉండే రేకుల గదికి చేరాను. అది మగవాళ్ల క్యాంపు. ఆడమనిషి ఉందని వీసా ఇచ్చిన యజమానికి, ఆ కఫీల్‌కు తెలిస్తే ఇద్దరినీ విమానం ఎక్కించేవాడు. గదిలోని ఎనిమిది మందికీ రొట్టెలు చేసిపెడుతూ, బయట అడుగుల చప్పుడైతే బియ్యం బస్తాల వెనక నక్కుతూ బతికాను. అలా నక్కిన ఒక చలికాలపు పొద్దున జనాభా లెక్కలాయన వచ్చాడు.

మా ఆయన తన పేరు రాయించుకుని, "సబ్ ఆద్మీ లోగ్ సాబ్, ఔరత్ కోయీ నహీ" అన్నాడు, అందరూ మగవాళ్లే, ఆడమనిషే లేదని.

"ఫిర్ యే సాడీ?" తాడు మీద ఆరేసిన నా చీర ఆయన కంటపడింది.

"ఖిడ్కీ కా పరదా, సాబ్!"

ఎనిమిది మందీ విరగబడి నవ్వారు. ఆ గదికి కిటికీ లేదు. ఆ సంగతి వచ్చినాయనకూ కనబడుతూనే ఉంది. ఆయనా నవ్వి వెళ్లిపోయాడు. "ఖలాస్, గండం గడిచింది. చాయ్ పెట్టవే" అన్నాడు మా ఆయన. పెట్టాను. చీర తీసి మడతపెట్టాను కూడా.

తరవాత కొద్ది నెలలకే మా ఊళ్లోనూ లెక్కలు రాశారట. నేను తిరిగొచ్చాక మా అత్త గొప్పగా చెప్పింది: "'నా కొడుకు పేరు రాయి సారూ, ఇయ్యాల్నో రేపో వస్తడు' అన్న. 'మరి కోడలో?' అన్నడు. 'దాన్ని దుబాయ్‌లనే రాసుకుంటరు తియ్' అన్న!"

మనవరాలు నవ్వడం మానేసింది. "అంటే తాతయ్య రెండుచోట్లా ఉన్నాడు, నువ్వు ఎక్కడా లేవా?"

చదువురానిదాన్నని కూడా నన్నెవరూ రాసుకోలేదు. ఇప్పుడు నా పేరు నేనే రాసుకోగలను, ఆ ఏటి లెక్క అడగడానికి మాత్రం ఎవరూ రారు. కాలం అందరినీ మరిపిస్తుందంటారు. మరవాలన్నా, ముందు ఎక్కడో ఒకచోట గుర్తుండాలి కదా.