పదకొండో పేరు

కిందటి వారం దుబాయ్ కరామాలో ఒక పాత బిల్డింగ్ లిఫ్టులో అట్టపెట్టెలు పెట్టుకుని పైకెళుతుంటే గుప్పున కర్పూరం కలిసిన నొప్పుల మందు వాసన తగిలింది. పక్కనున్న పెద్దాయన మోకాళ్ళకు పట్టించుకుని బయల్దేరినట్టున్నాడు. నాలుగో అంతస్తులో దిగాల్సినవాణ్ణి ఏడు దాకా పోయాను. ఆ వాసనకు సత్తిబాబు గారు నా వ్యాన్లో ముందు సీట్లో కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, మోకాలు రుద్దుకుంటూ "నెమ్మదిగా పోనీరా అబ్బులూ, సరుకు కాదు, మనిషిని ఎక్కించుకున్నావు" అన్నట్టే అనిపించింది.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. అమలాపురం వైపు మనిషి. దుబాయ్‌లో ఏసీ గొట్టాల కంపెనీలో ఫోర్‌మన్. కుర్రతనంలో బాస్కెట్‌బాల్ ఆడి మోకాళ్ళు పోగొట్టుకున్నాడు గానీ పిచ్చి పోగొట్టుకోలేదు. నాలాంటి డ్రైవర్లనీ, స్టోర్‌కీపర్లనీ, ఇద్దరు మలయాళీలనీ పోగేసి జట్టు కట్టాడు. షార్జాలో ఒక స్కూలు కోర్టు అద్దెకు తీసుకుని ఆదివారం సాయంత్రాలు పోటీలు ఆడేవాళ్ళం. నేను ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. బంతి పట్టుకోవడం బడి కంటే కాస్త బాగా వచ్చు, అంతే. అయినా ఆయన నన్ను వదల్లేదు. "నువ్వు బెంచీ మీద కూర్చుని వాగుతుంటే అవతలివాళ్ళకి గురి కుదరట్లేదురా, అది కూడా ఆటే" అనేవాడు. గల్ఫ్‌కొచ్చాక నా నోటికి విలువ కట్టిన మొదటి మనిషి ఆయనే. అంతకుముందు దాన్ని మూసుకోమన్నవాళ్ళే అందరూ.

ఆ పోటీలకు ఒక నియమం ఉండేది. డబ్బున్న కంపెనీ మంచి ఆటగాళ్ళనందరినీ కొనేసి కప్పు ఎత్తుకుపోకూడదని, ఒక జట్టు సీజన్ మొత్తానికి ఆటగాళ్ళకిచ్చేది ఆరు వేల దిర్హాములు దాటకూడదన్నారు. దాన్ని క్యాప్ అనేవాళ్ళు. జట్టులో పదిమందికి మించి ఉండకూడదు, ఎవరికీ మూడు వందలకు తక్కువ ఇవ్వకూడదు. మా పదిమందికీ కలిపి సరిగ్గా ఆరు వేలు. అందులో మూడు వందలవాణ్ణి నేనొక్కణ్ణే.

అలాంటప్పుడు సత్తిబాబు గారి కళ్ళు జెరోమ్ మీద పడ్డాయి. సత్వాలో ఒక జిమ్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ కుర్రాడు. వాడు గాల్లోకి లేస్తే కిందికి రావడం మర్చిపోయాడేమో అనిపించేది. రెండు వేలు అడిగాడు. రెండు పెద్ద జట్లు వాడి వెనకాల తిరుగుతున్నాయి. నాలుగేళ్ళుగా మేం సెమీఫైనల్ దాటలేదు. "ఈ ఒక్కడొస్తే చాలురా. ఒక్కసారి గెలిచి ఇంటికి పోతాను" అన్నాడాయన. అప్పటికి ఆయనకు యాభై ఏడు.

మూడు సాయంత్రాలు నా వ్యాన్లో గది గదికీ తిరిగాం, జట్టులో వాళ్ళని తలా కొంత తగ్గించుకోమని అడగడానికి. అడిగేది ఆయనైనా, ఒప్పించేది నేనే. రోలాలో మా మలయాళీ షాజీ గదికి వెళితే వాడు పై మంచం దిగకుండానే "తీన్ సౌ కమ్? నహీ భాయ్" అని గోడవైపు తిరిగాడు.

"షాజీ భాయ్, జెరోమ్ వచ్చాక నువ్వు పరుగెత్తేదేముంది? నిలబడి చూడ్డానికి మూడు వందలు తక్కువ ఇస్తున్నాం. బయటివాళ్ళయితే టికెట్ కొనుక్కుని చూస్తారు" అన్నాను.

గదిలో ఎనిమిది మందీ నవ్వారు. షాజీ దిండు తీసి నా మీదికి విసిరి, "లేలో భాయ్, ఖలాస్" అన్నాడు, తీసుకుని పొమ్మన్నట్టు.

మూడో రోజుకి పదిహేడు వందలు తగ్గాయి. "చాల్రా, ఇంటికి పోదాం" అన్నాడు సత్తిబాబు గారు. రెండు వేలు కావాల్సిన చోట పదిహేడు వందలకే ఎందుకు చాలన్నాడో నేను అడగలేదు. గెలిచిన హుషారులో ఉన్నాను. సిగ్నల్ దగ్గర ఆగి కొత్త జట్టుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పోయాను. జెరోమ్‌తో మొదలుపెడితే నా దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు అయిపోయాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండో పేరు నాదే. తక్కువపడ్డ మూడు వందలూ నావే.

"బాబాయ్, మీకు ముందే తెలుసా?"

ఆయన మోకాలు రుద్దుకోవడం ఆపాడు. "మొదటి రోజే తెలుసురా."

"మరి నన్నెందుకు తిప్పారండీ ఇన్ని గదులు?"

"నువ్వు లేకపోతే ఒక్కడూ తగ్గేవాడు కాదు." మళ్ళీ మోకాలు రుద్దుకుంటూ, "చెప్పడానికి నోరు రాలేదురా" అన్నాడు.

"పోనీ, జెరోమ్‌కి సగం లెక్కలో చూపకుండా చేతికిస్తానని మీ కంపెనీ మేనేజరు అన్నాడు కదా. డబ్బు అలా సర్దుకుని, కాగితం మీద పది పేర్లే రాసి నన్ను కూడా బెంచీ మీద ఉంచొచ్చు కదండీ."

"రాతలో ఒకటి, చేతిలో ఒకటి. మనకి కంపెనీలు చేసేది అదే కదరా. ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళుగా దాన్ని తిడుతున్నాను. ఇప్పుడు నేనూ అదే చెయ్యనా?"

వెనక బండి హారన్ కొట్టింది. నన్ను స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోమన్నాడాయన. "ఎంతిస్తారు?" అన్నాను. "దానికి క్యాప్ లేదురా, డబ్బూ లేదు" అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు. ఎవరి మాటకైనా నేను నవ్వకపోవడం ఆయన చూడ్డం అదే మొదటిసారి. ఆయన గది ముందు దింపేసి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వచ్చేశాను. ఆ తర్వాత కోర్టు వైపు వెళ్ళలేదు. మ్యాచ్‌ల సంగతి షాజీ ఫోన్లో చెబితే విననట్టు నటిస్తూ వినేవాణ్ణి.

జెరోమ్ ఆడిన నాలుగు ఆటలూ గెలిచారు. అయిదోదానికి ముందు వాడికి రియాద్‌లో పెద్ద ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఆ సోమవారం సత్తిబాబు గారు ఫోన్ చేశాడు. రెండు నెలల తర్వాత ఆ గొంతు వినడం.

"అబ్బులూ, ఒక పేరు ఖాళీ అయిందిరా. ఆదివారం వస్తావా?"

వెళ్ళాలని ఎంతుందో నాకే తెలుసు. కానీ నోరు ఊరుకోదు కదా. "ఇప్పుడు నా రేటు రెండు వేలండీ బాబాయ్. జెరోమ్ పోయాక మార్కెట్లో నేనే స్టార్‌ని" అన్నాను.

 ఆయన చిన్నగా నవ్వి, "అంత క్యాప్ నా దగ్గర లేదురా" అని పెట్టేశాడు. ఆదివారం చెప్పకుండా వెళ్ళి ఎదురుగా నిలబడదామనుకున్నాను. బూట్లు కూడా కడిగి ఆరబెట్టాను. గురువారం పొద్దున్న సైట్‌లో గొట్టాలు దింపిస్తూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

ఆయన్ని ఊరికి పంపే కాగితాల కోసం ఆసుపత్రికీ, కాన్సులేట్‌కీ, మళ్ళీ ఆసుపత్రికీ వ్యాన్ నడిపింది నేనే. షాజీ వెనక కూర్చున్నాడు. ముందు సీట్లో కూర్చోమని నేననలేదు, వాడూ కూర్చోలేదు.

ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు వస్తాననేస్తాను. వేళాకోళం ఉంటే ఆ తర్వాత. నేను మారానంటారు గదిలోవాళ్ళు, వయసొచ్చిందంటారు. వాళ్ళకేం చెప్పను? వస్తానని ఆయనకొక మాట చెప్పడానికి నాకు మూడు రోజులు దొరికాయి. ఆ మూడు రోజులూ నేను వేసిన జోకు తలుచుకుని, ఎంత బాగా పేలిందో అని వ్యాన్లో ఒక్కణ్ణే నవ్వుకుంటూ తిరిగాను.