చెన్నమ్మ ఎక్కిన పడవ

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి ఎవరైనా విభూతి పొట్లం పట్టుకుని అశోక్‌నగర్‌లో మా ఇంటికి వస్తే గుమ్మం తొక్కనివ్వను. దయ్యాలు లేవు, దిష్టి లేదు, శకునమన్నది బలవంతుడు బలహీనుడి నెత్తిన వేసే నింద అని ఏళ్ల తరబడి వేదికలెక్కి అరిచినవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. మరి ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, తనకు అనుకూలమైన సాక్ష్యాన్ని మాత్రమే బయటపెట్టి మిగతాది దాచుకునేవాడు వకీలు అవుతాడు గానీ హేతువాది కాలేడు.

తొంభైల నడిమి కాలం. చిక్కడపల్లిలో ఉండే మా బామ్మర్ది సుదర్శన్, హుస్సేన్ సాగర్‌లో గుర్రపు డెక్క మొక్కలు తీసే పని కాంట్రాక్టుకు పట్టాడు. దానికోసం ఒక పాత డీజిల్ పడవ కొన్నాడు. దాని ఇంజన్ పడవ లోపల ఉంటుంది. పడవను ముందుకు తోసే పంకా మాత్రం వెనక నీళ్లలోకి దిగిన ఒక కాలుకు ఉంటుంది. ఆ కాలుకున్న రంధ్రాల గుండా చెరువు నీళ్లనే లోపలికి పీల్చి, ఇంజన్‌ను చల్లార్చుకుని, వెనక నుంచి బయటికి పోస్తుంది. ఇంత సాదా యంత్రానికి కూడా శకునం అంటగట్టారు మనవాళ్లు.

పడవ నడిపేది యాదగిరి. ముందు నిలబడి కొక్కెం కర్రతో డెక్కను లాగేది చెన్నమ్మ. పాలమూరు నుంచి వలస వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉంటుంది. మొగుడు పోయాడు. ఆ కూలితోనే పిల్లల్ని సాకుతున్నది. ఆమె చేరిన కొన్నాళ్లకే ఇంజన్ వేడెక్కడం మొదలైంది. పడవ చెరువు మధ్యకు చేరకముందే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది. పడవ ఆపక తప్పేది కాదు.

"ముండమోపి ముందల నిలబడితే ఇంజన్ మండక ఏం జేస్తది?" అన్నాడట యాదగిరి. సుదర్శన్ ఆమెను ఇంక పనికి రావద్దనబోతున్నాడు. ఈ ముచ్చటంతా మా ఇంట్లో కూర్చుని, నా చాయ్ తాగుతూ, వర్షం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆమె మొగుడు పోయిన సంగతి ఇంజన్‌కు ఎవరు చెప్పిన్రురా? నువ్వు చెప్పినవా?"

"బావా, నీ లెక్చర్ నాకొద్దు. పడవ ఆగితే నా కాంట్రాక్టు పోతది. నీకంత నమ్మకముంటే వచ్చి చూపియ్యి. ఆమె ఎక్కినా ఏం గాదని తేలితే ఉంచుకుంట. తేలకపోతే మళ్ల నా ముందట నోరు తెరువద్దు."

సరేనన్నాను.

నారాయణగూడలో డీజిల్ ఇంజన్లు బాగుచేసే ఖాజాను వెంటబెట్టుకుని వెళ్లాను. పడవను గట్టుకు లాగించాడు. కాలు రంధ్రాలకు డెక్క వేళ్లు జడలాగా చుట్టుకుని ఉన్నాయి. నీళ్ల పంపు విప్పితే లోపలి రబ్బరు చక్రానికి కొన్ని రెక్కలు లేవు. విరిగిన ముక్కలు గొట్టం మలుపులో ఇరుక్కుని ఉన్నాయి. వాటినీ తీసి, చక్రం పక్కన పేర్చి, ఏ ముక్కా లోపల మిగల్లేదని చూపించాడు. కొత్త చక్రం వేశాడు. ఇంజన్ వేడికి తెరుచుకోవాల్సిన చిన్న మూతను కాగే నీళ్లలో వేస్తే చక్కగా తెరుచుకుంది. ముల్లే అబద్ధమాడుతుందేమోనని దాన్నీ మార్పించాను.

ఆ డెక్క వేళ్లను యాదగిరి ముఖం ముందు ఆడించాను. "ఇగో, నీ అపశకునం ఇది."

"మంచిది సార్. ఇగ ఆమెను ఎక్కించి తిప్పుదాం పాండ్రి" అన్నాడు వాడు, ఏమాత్రం తగ్గకుండా.

చెన్నమ్మ ఎక్కింది. ఆమె పక్కన నిలబడటం నా వాదంలో భాగం కాబట్టి నేనూ ఎక్కాను. ఎండ చురుక్కుమంటున్నది. పడవ చెరువు మధ్యకు పోకముందే ముల్లు లేచింది. వెనక నీళ్లు ధారగానే పడుతున్నాయి, అంటే పంపు పనిచేస్తున్నది. ఆ ధార కింద చెయ్యి పెట్టాను. చుర్రుమన్నది.

చల్లారాక మమ్మల్నిద్దరినీ దింపి యాదగిరి ఒక్కడే ఒక చుట్టు తిరిగొచ్చాడు. ముల్లు కదల్లేదు. మేమిద్దరం మళ్లీ ఎక్కాం. మళ్లీ లేచింది.

"ఇంకేం గావాలె బావా?" అన్నాడు సుదర్శన్. వాడి ముఖంలో బాధ లేదు, గెలుపు ఉంది.

చెన్నమ్మ కొక్కెం కర్రను కింద పెట్టేసింది. "మొగుణ్ని మింగిన్నని మా అత్త అన్నది. ఇంజన్‌ను గూడ మింగిన్నని మీరనున్రి. గిప్పటిదాంక జేసిన కూలి ఇయ్యున్రి, పోత."

అప్పుడు వెలిగింది నాకు. ఒకేసారి రెండు మార్చి చూసేవాడు ఏదీ పరీక్షించనట్టే అని ఊరంతా తిరిగి చెప్పేవాణ్ణి, అదే పని చేశాను. ఆమె ఎక్కిన ప్రతిసారీ నేనూ ఎక్కాను. "ఆమె ఒక్కతే ఎక్కాలె" అన్నాను.

చెన్నమ్మ ఎక్కింది. పడవ చెరువు మధ్యకు పోయింది, ఆమె డెక్క లాగింది, తిరిగొచ్చింది. ముల్లు నిద్రపోతున్నట్టు ఉంది. ఇంకోసారి తిప్పించాను. అంతే. చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. మిగిలింది ఎవరో అప్పుడు అర్థమైంది.

ఆమెను దింపి నేనొక్కణ్ణే ఎక్కాను. ముల్లు లేచింది.

ఆ తర్వాత చేసినవన్నీ రాస్తున్నాను, ఎవరైనా తప్పు పట్టగలిగితే పట్టండి. నా బరువుకు పడవ ఒరిగి, కాలు గాలి పీలుస్తుందేమోనని నా చోట ఇసుక బస్తాలు పెట్టించాను. ఏమీ కాలేదు. నాకంటే లావైన ఖాజా నా చోట నిలబడ్డాడు. ఏమీ కాలేదు. గడియారం, అద్దాలు, తాళంచెవులు గట్టు మీద పెట్టి ఎక్కాను. లేచింది. ముందు కాకుండా వెనక కూర్చున్నాను. లేచింది. యాదగిరి ఏదో కిటుకు చేస్తున్నాడని వాణ్ణి దింపి ఖాజాతో నడిపించాను. లేచింది.

ఖాజా పానా కింద పడేశాడు. "సాబ్, ఖుదా కసమ్, ఇంజన్ల ఏం ఖరాబీ లేదు. నా దిమాక్ పనిచేస్త లేదు."

యాదగిరి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "సారు ఇంకో చుట్టు తిరిగితే చెరువే ఉడుకుతది! అమ్మవారు లేదన్న నోరు గదా. ఒక్క కొబ్బరికాయ కొట్టున్రి సార్, సల్లవడ్తది."

"తలకాయ కొట్టుకుంట గని కొబ్బరికాయ కొట్ట" అన్నాను.

సుదర్శన్ నవ్వలేదు. వాడికి ఎక్కడ నొక్కాలో దొరికింది. "బావా, నలుగురి ముందట సీదా చెప్పు. మనిషి ఎక్కితే ఇంజన్ వేడెక్కుతదా? వేడెక్కదంటవా, నువ్వు జేసిన పరీక్షలన్ని ఝూట్. చెన్నమ్మ ఎక్కితే ఏం గాలేదన్నది గూడ ఝూటే. ఆమెను పంపిస్త. వేడెక్కుతదంటవా, ఆ దరిద్రం నువ్వే అని ఒప్పుకో. ఆమె పని ఆమెకుంటది."

ఆ వాదంలో బొక్కలున్నాయి. అవి విప్పి చూపడం నాకు చేతకాక కాదు. కానీ అక్కడ కూలి ఇచ్చేవాడు వాడు, వాదనలో మార్కులు వేసేవాడూ వాడే. చెన్నమ్మ మా ఇద్దరి వైపూ చూడటం లేదు. కొక్కేనికి చుట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటే పీకుతున్నది.

"వేడెక్కుతది. నేనెక్కితేనే" అన్నాను. "ఆమెతోని ఏం గాదు."

"జర గట్టిగ అను బావా."

గట్టిగా అన్నాను.

చెన్నమ్మ కర్ర తీసుకుని పడవెక్కింది.

మా పేటల్లో ఇలాంటి ముచ్చట దాగుతుందా? చిక్కడపల్లి హోటల్లో అడుగుపెడితే చాలు, "సారొచ్చిండు, చాయ్ జల్ది మరుగుతది" అనేవారు. నారాయణగూడలో ఒక సభలో నేను శకునాల మీద మాట్లాడుతుంటే వెనక నుంచి ఒకాయన లేచి, "ముందుగాల మీ పడవ సంగతి చెప్పున్రి" అన్నాడు. చెప్పాను. మొత్తం చెప్పాను. వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ. నాకు బదులు ఆమె మీద అదే నవ్వు నవ్వి, కూలి కూడా లాక్కునేవాళ్లే వాళ్లంతా.

ఉదయం పూట ట్యాంక్‌బండ్ మీద నడిచేవాణ్ణి. కింద పడవ కనిపించేది. ఒకసారి మెట్లు దిగి నీళ్ల దాకా పోతే చెన్నమ్మ దూరం నుంచే కర్ర ఊపింది. "సారూ! ఆడనే నిలబడున్రి! ఇంజన్ సల్లగుంది!" అని అరిచి పకపకా నవ్వింది. ఆ నవ్వు మీద మాత్రం నాకు కోపం రాలేదు.

మళ్లీ ఒక్కసారి ఎక్కి చూడాలని ప్రతి ఉదయం కాళ్లు లాగేవి. ఎక్కలేదు. ముల్లు లేస్తుందన్న భయం లేదు నాకు. లేవకపోతే? నేనెక్కినా ఇంజన్ చల్లగానే ఉందని తేలితే, ఆ పాత నింద తిరిగి ఎవరి నెత్తికి ఎక్కేదో నాకు తెలుసు.

కాంట్రాక్టు ముగిసేదాకా ఆమె పనిచేసింది. ఆ తర్వాత సుదర్శన్ పడవను నాకు చెప్పకుండానే ఎవరికో అమ్మేశాడు.

ముల్లు ఎందుకు లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవడానికి ఒక్కటే దారి ఉండేది. అది చెన్నమ్మ కూలి మీదుగా పోయేది.