ఒక్కటే మిగిలిన హెలికాప్టర్

మా ఆయన వైమానిక దళంలో హెలికాప్టర్ మెకానిక్. నేను త్రిపురారం బడిలో టీచర్ని, కాపురం మిర్యాలగూడలో. కాపురం అంటున్నానే గానీ, ఏడాదికి రెండు సెలవుల కాపురం. ఆయన సర్వీసు గడువు ఇంకా రెండేళ్లు ఉందనగా కొత్త రవాణా హెలికాప్టర్ల ఎంపిక మొదలైంది. వాటిని పరీక్షించే జట్టులో ఈయన్నీ వేశారు. అప్పట్నుంచి నాకు ఒకటే దిగులు. గడువు తీరగానే ఇంటికొచ్చేస్తారా, కొత్తది వచ్చేదాకా ఉంటానని పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేస్తారా?

సైన్యం అంటే బొమ్మలూ కాగితాలూ చూసి కొనేస్తుందనుకున్నాను. కాదట. ఎంతమంది ఎక్కాలి, ఎంత బరువు మోయాలి, ఎంత ఎత్తున దిగి మళ్లీ లేవాలి, ముందు అదంతా రాసుకుంటారట. ఆ రాత చూసుకుని కంపెనీలు తమ హెలికాప్టర్లను తెచ్చి నిలబెడతాయి. వాటిని ఎడారి ఎండలో తిప్పుతారు. మనుషులకు బదులు ఇసుక బస్తాలు నింపి మంచుకొండల మీదికి తోలుతారు. చలిలో వదిలేసి, తెల్లారి ఇంజన్ అందుకుంటుందో లేదో చూస్తారు.

సెలవులో వచ్చి ఈయన ఇదంతా చెబుతుంటే మా మామయ్య ఒకటే నవ్వు. ఆయనది సూర్యాపేట దగ్గరి ఊరు, గొర్లూ బర్లూ కాసిన ఇల్లు.

"గిదేం కొత్త ముచ్చట్రా! బర్రెను కొనేటప్పుడు మేం జేసేది గదే గద. అమ్మేటోడు ముందటి పూట పిండకుండ ఆపి, పొదుగు నిండుగ జూపిస్తడు. గందుకే మూడు పూటలు మన కండ్ల ముంగట పిండిపిచ్చి సూసినంకనే పలుపు పడ్తం."

"గంతే నాయినా," అన్నారు ఈయన.

ఈయన పని ఇంకా చిన్నది. ఆ చలిలో మందపాటి గ్లవుజులు తొడుక్కుని, ఒక్కో భాగం విప్పి బిగించి, ఎంతసేపు పట్టిందో రాయాలి. "బోల్టు చేతికి అందకుంటే అందలేదని రాయాలె. కొండ మీద చెడిపోతే బాగుచేసేటోనికి అందాలె గద," అనేవారు. ఏది నెగ్గేలా ఉందో మాత్రం నేనెంత గింజుకున్నా చెప్పేవారు కాదు.

నిజం చెప్పేస్తున్నా. ఆ ఎంపిక చెడిపోవాలని నేను కోరుకున్నాను. చెడిపోతే ఇక ఎదురుచూడ్డానికి ఏమీ ఉండదు, మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తారని నా ఆశ. సిగ్గుమాలిన కోరికే. అయినా బస్సులో కాలువ వెంట బడికి వెళ్తూ రోజూ అదే అనుకునేదాన్ని. ఆయన విప్పి వెళ్లిన చొక్కా ఒకటి ఉతక్కుండా బీరువాలో దాచుకున్నాను. దానికి ఇంజను నూనె వాసన. తలుపు తీసి వాసన చూసుకుని, మళ్లీ మూసేసేదాన్ని. అంత బెంగ నాకు.

ఒక సాయంత్రం ఫోన్ చేశారు. "అంత ఖతం," అన్నారు. ఒకే ఒక్క హెలికాప్టర్ అన్ని పరీక్షలూ నెగ్గిందట, మిగిలినవన్నీ తప్పాయట.

"నెగ్గిందాన్ని కొనేయొచ్చుగా?"

"ఒక్కటే మిగిలితే ఇగ పోటీ యాడిది? రద్దు జేసిన్రు. మళ్ల మొదటికెళ్లి కంపెనీలను పిలుస్తరు."

"హవ్వ! కోదాడలో మా నాన్న నాకు చూపించింది మిమ్మల్నొక్కర్నే. నేనేమన్నా రద్దు చేశానా?"

ఆయన నవ్వారు. నా ప్రాణం అప్పటికే గంతులేస్తోంది. "అయితే ఇక వచ్చేస్తారుగా?" అన్నాను.



"కొత్తది రాకపాయె. ఇగ పాతవే ఎగరాలె. వాటి రోగాలు తెలిసినోళ్లం కొంచెం మందిమే ఉన్నం. పొద్దున సంతకం పెట్టిన. ఇంకో మూడేండ్లు."

"నన్నొక్క మాట అడగలేదేం?"

"అడిగితే వద్దంటవ్."

అనేదాన్నే. ఫోన్ పెట్టేసి నోటికొచ్చినట్టు తిట్టాను, ఆయన్నీ, ఆ పాత డొక్కు హెలికాప్టర్లనీ. తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను. నేను కోరుకున్నదే జరిగింది, అదే ఆయన్ను అక్కడ కట్టేసింది.

ఇప్పుడు స్టాఫ్ రూంలో పేపరు రాగానే ముందు కొత్త హెలికాప్టర్ల వార్త కోసమే వెతుకుతాను; అవి వస్తే గానీ ఆయన పాతవాటిని వదిలి రారు. మళ్లీ పిలిచారు, మళ్లీ కంపెనీలు వచ్చాయి. ఈసారి కూడా ఈయన జట్టులో ఉన్నారు. మొన్న సెలవైపోయి మిర్యాలగూడ స్టేషన్లో రైలెక్కారు. కిటికీలోంచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. గోళ్ల సందుల్లో నలుపు అలాగే ఉంది.

"ఈసారి బోల్టు అందకపోయినా అందిందని రాసేయండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. "అట్ల రాయమంటవా?" అన్నారు.

రేపు ఆ కొండల మీద అందులో ఎక్కేది ఎవరి మొగుళ్లో. రైలు కదిలింది. చెయ్యి వదల్లేక నాలుగడుగులు పక్కనే నడిచాను.

"వద్దులెండి," అన్నాను. "అందితేనే రాయండి."