కోతకు ముందు మందు కొట్టనివ్వని మా అత్త

మా అత్త పోయి పదిహేను రోజులైంది. ద్రాక్ష కత్తిరింపులు మొదలుపెట్టాల్సిన వారంలో, అనంతపురం ఆసుపత్రిలో, గుండె ఆగి పోయింది. ఆమెను ఊరికి తెచ్చేలోపే ఒక మాట ఊరంతా తిరిగింది. "మందులు కొట్టీ కొట్టీ ఆ మందులకే పోయిందంట." దినానికి వచ్చినవాళ్లు నా ముందే ఆ మాట అన్నారు. జాలిగానే అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. పురుగుమందును ఆమె అదుపులో పెట్టినట్టు మా చుట్టుపక్కల తోటల్లో ఇంకెవరూ పెట్టలేదు. ఇది రాయడం అందుకే.

నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. శింగనమల దగ్గరున్న ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికి ద్రాక్ష అంటే నాకు తోపుడుబండి మీద అమ్మే పండు, అంతే. వచ్చిన నెలకే మా అత్త నన్ను పందిరి కిందికి తీసుకుపోయి ఒక ఆకు తిప్పి చూపించింది.

"పైన చూసి బాగుండాది అనుకోవాకు పాపా. రోగం అడుగున కాపురం పెడ్తాది."

రోజూ పొద్దున్నే వరసకు నాలుగాకులైనా తిప్పి చూడనిదే ఆమె కాఫీ తాగేది కాదు.

ఆమెకు చదువు రాదు. మందు డబ్బాలో మడిచిపెట్టిన చీటీని నా చేత చదివించేది. ఎంత కలపాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి. "ఆ చిన్న అచ్చరాల్లోనే గదా అసలు సంగతి ఉండేది. గట్టిగా చదువు," అనేది. అంగడాయన నోటితో చెప్పినదాన్ని లెక్కచేసేది కాదు. మందు కొట్టే రోజు నోటికి గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాల్సిందే. పని కాగానే తలకు పోసుకోవాల్సిందే. మా ఆయన ఒకసారి ఉత్త చేతులతో మందు కలుపుతుంటే బకెట్టు లాక్కుని, రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

అలాగని అన్నీ తెలిసి పుట్టిందేమీ కాదు. మా మామ పోయిన కొత్తలో తెగులుకని మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి కొట్టి, సున్నం తక్కువై, ఒక వరసంతా ఆకులు మాడ్చేసిందట. ఆ సంగతి ఎవరడిగినా తనే నవ్వుతూ చెప్పేది. అప్పటి నుంచి ఆ నీళ్లు కలిపిన ప్రతిసారీ కొడవలి మొన ముంచి చూసేది. ఇనుము మీద ఎర్రటి చాయ పడిందా, ఇంకాస్త సున్నం. చాయ పడలేదా, ఇక కొట్టొచ్చు.

నాలుగేళ్ల కిందటి సంగతి చెప్పాలి. ఏడాదంతా వాన కోసం చూసే నేల మాది. ఆ యేడు సరిగ్గా పూత వేళకు వారం రోజులు ముసురు పట్టింది. ఆకుల మీద నూనె చుక్కలు పడ్డట్టు పసుపు మచ్చలు, అడుగున తెల్లటి బూజు. పూగుత్తులు కమిలి రాలిపోయాయి. పక్క తోటలవాళ్లు పందిళ్లు విప్పేసి తీగలు పెరికేశారు. మా ఆయనా, ఆయన చిన్నాన్నా కలిసి ఒక జేసీబీని మాట్లాడి, తోట గేటు దాకా తీసుకొచ్చారు.

"తీసేద్దాం అమ్మా. చీనీ చెట్లు పెట్టుకుందాం," అన్నాడు మా ఆయన. బత్తాయిని ఇక్కడ చీనీ అంటారు.

"జొరమొచ్చిందని మనిషిని పూడుస్తారా?"

"అందరూ తీసేసినారు వదినా," అన్నాడు చిన్నమామ.

"తీసేయనీ. నేను తీయను. ఆ బండి లోపలికి రావాలంటే నా మీద నుంచి రావాల."

గేటుకు అడ్డంగా కూర్చుంది. బండి వచ్చిన దారినే పోయింది.

మరుసటి రోజు నుంచి ఆమె, నేను, నలుగురు కూలి ఆడవాళ్లు ఆకు తెంపడం మొదలుపెట్టాం. గుత్తుల చుట్టూ గాలి ఆడాలి, ఎండ పడాలి. తెగులు సోకిన ఆకు ఒక్కటి కూడా నేల మీద ఉండకూడదు. గోతాలకెత్తి కంచె బయట కాల్చేశాం. వాన తెరిపిచ్చిన పూట మైలుతుత్తం నీళ్లు కొట్టించింది. మెడలు పట్టేసి రాత్రిళ్లు తల తిప్పలేకపోయేవాళ్లం. సగం పంట పోయింది. సగం నిలిచింది.

ఆ సగం తీపెక్కే వేళకు కొన్ని గుత్తుల్లో పిండినల్లి పురుగు కనిపించింది, దూది అంటించినట్టు. తోట బేరం చేసుకున్న వ్యాపారి వచ్చి చూసి, తన సంచిలోంచి ఒక మందు సీసా తీశాడు.

"ఒక్కసారి కొట్టించక్కా. వారంలో కోసుకుపోతా."

అత్త సీసా నాకిచ్చింది. చదివాను. కోతకు ముందు ఆపాల్సిన గడువు వారం కంటే చాలా ఎక్కువ.

"ఏమప్పా, ఇదేమన్నా తోలు వల్చుకొని తినే పండా? పిల్లోళ్లు కడగకుండానే నోట్లో యేసుకుంటారు."

"అందరూ ఇట్లే చేస్తాండారక్కా. ఎవరికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది గదా."

"అయితే నాకొద్దు నీ పండు."

"వద్దంటే పో. గేటు ఆడుండాది."

అతను వెళ్లిపోయాక ఆమె పందిరి మోసే రాతి స్తంభాన్ని ఆనుకుని కింద కూర్చుంది. అతను పోయిన దారి వైపే చూసింది.

"భయమైతాండాదా అత్తా?" అని అడిగాను. ఈ ఊరి మాట నా నోటికి అప్పటికి బాగా పట్టింది.

"ఐతాండాది. అయితే యేమి? కత్తెర తీస్కరా."

పిండినల్లి పట్టిన గుత్తులన్నీ కోసి గుంత తీసి పూడ్చాం. మంచి పండు క్రేట్లకెత్తి, ఆటోలో అనంతపురం తీసుకుపోయి రోడ్డు పక్కన కూర్చుని మేమే అమ్మాం. పడిన కష్టానికి తగ్గ ఫలితం ఆ యేడు రాలేదు. ఆ వ్యాపారి మళ్లీ మా గేటు తొక్కలేదు. కానీ తీగలు కోలుకున్నాయి. మరుసటి యేడు పందిరి నిండా కాసింది, కొనడానికి వేరే మనిషి వచ్చాడు. పెరికేసినవాళ్లలో ఇద్దరు మళ్లీ ద్రాక్ష నాటి, మందు నీళ్లు ఎలా కలపాలో చూడటానికి మా అత్త దగ్గరికి వచ్చారు. ఆమె వాళ్లను ముందు బాగా తిట్టింది, తర్వాత నేర్పింది.

దినం అయిపోయిన మరుసటి రోజు చిన్నమామ వచ్చాడు. "ఈసారికి వదిలేయండమ్మా. తోట చూసే మనిషి లేదు," అన్నాడు.

"నేనుండాను మామా," అన్నాను.

మా ఆయన లేచి పోయి కత్తెరలు సాన పట్టించుకొచ్చాడు.

నిన్న పొద్దున మొదటి వరస కత్తిరించాం. కత్తెర పడిన ప్రతి కొనలోనూ వేరు నుంచి ఎక్కిన ఒక నీటి చుక్క ఊరింది, నిండింది, రాలింది, మళ్లీ ఊరింది. మేము రెండో వరస సగానికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ఒక్క ఆకు లేని ఆ మోడు తీగలు ఎండలో వరస పొడవునా చుక్కచుక్కగా కారుతూ, కింద ఎర్రమట్టిని తడుపుతున్నాయి.