బైండింగుకొచ్చిన డేటాబేసు

అట్టల మామయ్య ఎడమ చేత్తో ఇనుప స్కేలును అట్ట మీద అదిమిపట్టి, కుడి చేత్తో కత్తిని తనవైపు లాగుతున్నాడు. ఒక్క ఊపులో అట్టను తెంచేద్దామనుకునేవాడు బైండరు కాడని అతని నమ్మకం. కత్తి అదే గీతలో మళ్ళీ మళ్ళీ నడవాలి, అట్ట నొప్పి తెలియకుండా విడిపోవాలి. పక్కన స్టవ్వు మీద పిండి జిగురు కుతకుతమంటోంది. కిటికీ కింది ఇనుప ప్రెస్సు మాత్రం నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. ఒకప్పుడు దానికి ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు.

అతను చేస్తున్నది పుస్తకం కాదు, పుస్తకంలా కనిపించే పెట్టె. లోపల కాగితం ముక్క కూడా ఉండదు. యూనివర్సిటీ లైబ్రరీలో ఇన్నేళ్ళుగా పుస్తకాలకు అట్టలు వేసిన మనిషి, మొదటిసారి ఖాళీకి అట్ట వేస్తున్నాడు.

దీనికంతటికీ కారణం ఆడిటరు. అంతకుముందు యూనివర్సిటీ వారు పరిశోధకుల కోసం కొత్తగా ఆన్‌లైన్ డేటాబేసులు తెప్పించారు. దేశదేశాల పరిశోధన పత్రికల్ని కంప్యూటరులోనే వెతుక్కుని చదువుకునే ఏర్పాటు అది. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఇకనుంచి విజ్ఞానానికి గోడలుండవని వైస్ ఛాన్సలరు గారు సభ ఆవలించేదాకా చెప్పారు. ఆ మాట చెక్కిన రాతిపలకను సభ అయ్యాక గోడకు బిగించారు. అందరూ చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

తర్వాత ఏటేటా జరిగే సరుకు తనిఖీ వచ్చింది. ఈ ఆడిటరుది పాత పద్ధతి. తను నంబరు చదవాలి, ఆ నంబరున్న వస్తువును ఎవరైనా చేత్తో పట్టుకుని చూపించాలి. బల్లలు చూపించారు, బీరువాలు చూపించారు, విరిగిన నిచ్చెనను సైతం చూపించారు. డేటాబేసుల వంతు వచ్చేసరికి లైబ్రేరియన్ గారు కంప్యూటరును ఆయనవైపు తిప్పారు.

"ఇది కంప్యూటరు. దీన్ని పొద్దున్నే చూశాను. డేటాబేసు ఏదీ?" అన్నాడు ఆడిటరు.

అది లోపల ఉంటుందని లైబ్రేరియన్ అంటే, తీసి బయటపెట్టమన్నాడు. ఎక్కడో దూరదేశంలో ఉంటుందంటే, మరి ఇక్కడి సరుకులో ఎందుకు రాసుకున్నారని అడిగాడు. ఈ ఉద్యోగంలో కనపడని వస్తువు పోయినట్టే, పోయిన వస్తువుకు లైబ్రేరియనే జవాబుదారీ. మళ్ళీ వస్తానని, ఈలోపు వాటిని వెతికి పెట్టమని చెప్పి ఆడిటరు వెళ్ళాడు.

లైబ్రేరియన్ ఆ సాయంత్రమే మెట్లు దిగి బైండింగు గదికి వచ్చారు. ఆయన ఆ గదిలో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. పత్రికలన్నీ కంప్యూటరులోకి ఎక్కాక కిందికి పని రావడమే తగ్గిపోయింది. ఒక్కో డేటాబేసుకూ ఒక్కో పెట్టె చేసిపెట్టమని ఆయన అడిగితే, అట్టల మామయ్య ముఖం విప్పారింది. లోపల ఏముంటుందని అడగను కూడా లేదు. ఎంత లావుండాలని మాత్రం అడిగాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ చేతికి పనిలేక ఆకలి మీదున్న పనివాడికి పని దొరికితే ఆగడం తెలుస్తుందా? వ్యవసాయం డేటాబేసుకు ఆకుపచ్చ గుడ్డ, వైద్యానికి ఎర్ర గుడ్డ, చట్టానికి నల్లది. వెన్ను మీద బంగారు అక్షరాలు. మూత తెరిస్తే నెమలికంఠం రంగు కాగితం. ఇంత చేశాక లోపలంతా బోసిగా కనిపించి, మూతకు లోపలివైపు చిన్న గుడ్డసంచి కుట్టాడు. సంచి కుట్టాక అందులో ఏదో ఒకటి ఉండాలి కదా అని తనే లైబ్రేరియన్ దగ్గరికి పరుగెత్తాడు. డేటాబేసు తెరవడానికి కంపెనీ వాళ్ళు పంపిన పాస్‌వర్డు కార్డులు ఆయన సొరుగులో ఉన్నాయి. వాటిని పెట్టి చూస్తే కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. ఇద్దరూ మురిసిపోయారు.

ఆడిటరు కూడా మురిసిపోయాడు. ఒక్కో పెట్టెనూ చేత్తో తట్టి, బరువు చూసి, నంబరు చీటీ తనే అంటించాడు. డేటాబేసులు దొరికినట్టు రాసుకుని వెళ్ళాడు.

అయితే లైబ్రరీలో నంబరు పడి అరలోకి చేరిన వస్తువును ఎవరడిగినా ఇవ్వాలి. ఒకరి దగ్గర ఉన్నదాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ నియమం పెట్టెలకూ వర్తించింది. ప్రపంచంలో ఎంతమందైనా ఏకకాలంలో చదువుకోగల డేటాబేసును, ఈ యూనివర్సిటీలో ఒక్కరు చంకన పెట్టుకుని ఇంటికి తీసుకుపోతున్నారు. మిగతావాళ్ళు వరసలో పేర్లు రాయించుకుంటున్నారు. కార్డు మీద రాసింది నలుగురికీ చెప్పేస్తే పోలేదా అని ఎవరో అడిగితే లైబ్రేరియన్ గారు ముక్కున వేలేసుకున్నారు. అందరికీ తెలిస్తే అది పాస్‌వర్డు ఎలా అవుతుందన్నారు. ఎంతమందైనా వాడుకోవచ్చని కంపెనీవాళ్ళు ఉత్తరం రాస్తే, "వాళ్ళకేం, రాస్తారు. రేపు ఆడిటుకు వాళ్ళొచ్చి నిలబడతారా?" అని దాన్ని ఫైలులో పెట్టేశారు.

ఇదంతా వింటూ అట్టల మామయ్య లోలోపల పొంగిపోయాడు. తను చేసిన వస్తువు కోసం జనం వరసలో నిలబడటం అతని అనుభవంలో ఎప్పుడూ లేదు.

ఆ వరసలో అతని మేనకోడలు కూడా ఉంది. అట్టల మామయ్య అనే పేరు ఆ పిల్ల వల్లే వచ్చింది. మొదటిరోజు చదువుల హాలు మధ్యలో నిలబడి మామయ్యా అని గట్టిగా పిలిచేసరికి, అందరికీ అతను మామయ్యే అయిపోయాడు. ఆ పిల్ల వానపాముల మీద పరిశోధన చేస్తోంది. అవి తిరిగిన మట్టి నీళ్ళను ఎలా పట్టి ఉంచుతుందో తేల్చాలట. ఇంట్లో కుండీలన్నిటా వానపాములే. ఆ పురుగులకు వేళకు పెడుతుంది గానీ తను మాత్రం వేళకు తినదని వాళ్ళమ్మ, అంటే అట్టల మామయ్య అక్క, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది.

పరిశోధన గ్రంథం ఇంచుమించు పూర్తయింది. కానీ ఒక అధ్యాయం గైడు దగ్గరినుంచి వెనక్కి వచ్చింది. ఇతర దేశాల్లో ఈ సంగతి మీద ఎవరేం తేల్చారో చూసి, తన లెక్కలతో పోల్చి రాయమన్నారు. అవన్నీ ఆకుపచ్చ పెట్టె డేటాబేసులో ఉన్నాయి. సెలవులు ముగిసేలోపు గ్రంథం సమర్పించకపోతే ఆ పిల్ల రిజిస్ట్రేషను రద్దయిపోతుంది. కుండీలతో సహా మళ్ళీ మొదటికి.

ఆకుపచ్చ పెట్టె మాత్రం చరిత్ర ప్రొఫెసరు గారింట్లో ఉంది. ఆయనకు వ్యవసాయంతో ఏ సంబంధమూ లేదు. ఆ రంగు వాళ్ళింటి తెరలకు సరిపోయింది, అంతే. పైగా ప్రొఫెసర్లకు గడువు లేదు, తీసుకున్నది ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు. మేనకోడలు వాళ్ళింటికి వెళ్ళి కార్డు ఒక్కసారి చూసుకుంటానని బతిమాలింది. తను ఇంకా చూస్తున్నానని ఆయన చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు. పెట్టె ఆయన సోఫాకు ఎదురుగా అద్దాల బీరువాలోనే ఉంది.

ఆ పిల్ల తిన్నగా బైండింగు గదికి వచ్చి స్టూలు మీద కూలబడింది. అట్టల మామయ్య ప్రొఫెసరును తిట్టాడు, లైబ్రేరియన్‌ను తిట్టాడు, ఆడిటరు పుట్టిన వేళను తిట్టాడు. చదువుకున్నవాళ్ళకు ఇంగితం ఉండదని పెద్ద ఉపన్యాసమే మొదలుపెట్టాడు.

"ఆ సంచి కుట్టింది నువ్వే కదా మామయ్యా," అంది మేనకోడలు.

అతని చేతిలోని కుంచె జిగురు గిన్నెలోనే ఆగిపోయింది.

"బోసిగా ఉందని కుట్టానే," అన్నాడు.

"బాగానే కుట్టావు. ఊరంతటికీ తాళం వేసి చెవి దాన్లో పెట్టావు." ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు అతను అన్నం సరిగా తినలేదు. ప్రొఫెసరు నుంచి పెట్టెను రాబట్టే దారి అతనికి తెలియక కాదు, తెలిసినందుకే. వైస్ ఛాన్సలరు దగ్గరున్న పుస్తకాన్నయినా వెనక్కి రప్పించే అధికారం ఈ లైబ్రరీలో ఒక్క బైండింగు గదికే ఉంది. వస్తువు చెడిపోతోందని బైండరు రాసిస్తే ఎంతటివాడైనా ఇవ్వాల్సిందే. చిరిగిన పుస్తకాలకయితే ఎన్నోసార్లు రాశాడు. కానీ ఇది చేసి ఎన్నాళ్ళో కాలేదు, ఇంకా కొత్త వాసనే పోలేదు. ఇది చెడిపోతోందంటే తన పని చెడ్డదని తను ఒప్పుకోవడమే. అతని చేతిమీదుగా వెళ్ళిన వస్తువు మరమ్మతుకు తిరిగిరావడం ఆ గది చరిత్రలో లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి లైబ్రేరియన్ బల్ల ముందు నిలబడ్డాడు. ఆకుపచ్చ పెట్టె వెన్ను ఊడుతోందని చెప్పాడు.

"నువ్వు చేసింది ఊడటమేంటి మామయ్యా?" అన్నారు లైబ్రేరియన్. పనితనంలో లోపమని రాస్తే అది ఇతని సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుందనీ, ఉద్యోగం చివర్లో ఈ మచ్చ ఎందుకనీ నచ్చజెప్పబోయారు.

"రాయండి సార్," అన్నాడు అట్టల మామయ్య గోడకేసి చూస్తూ.

ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసరు గారింటికి వెళ్ళాడు. ఆయన అద్దాల తలుపు తీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పెట్టెను రెండు చేతులా తీసుకుని కిటికీ దగ్గరికి వచ్చారు. వెన్ను నిమిరి చూశారు. మూలలు వేలితో నొక్కి చూశారు. మూత తెరిచి మూశారు. గాలి బయటికి పోతూ మెత్తగా చప్పుడైంది.

"దీనికేమైందయ్యా? మూత పడే తీరు చూడు. నా ఇంట్లో ఇన్ని పుస్తకాలున్నాయి, ఒక్కదానికీ ఇంత మంచి మూల లేదు. ఎవరు చేశారో గానీ చేతులకు దండం పెట్టాలి."

పనిలో చేరిన నాటినుంచి అట్టల మామయ్య ఏ ప్రొఫెసరు నోటా ఇలాంటి మాట వినలేదు. లైబ్రరీకి వచ్చేవాళ్ళు లోపలి అక్షరాలు చూస్తారు తప్ప అట్ట ఎవరిదని అడగరు. వినక వినక ఆ మాట ఇవాళే వినాలా?

"నాసిరకం పనండి," అన్నాడు.

"నాసిరకమా?"

"జిగురు పల్చనైందండి. చేసినవాడికి చూపు కూడా ఆనదు. ఇవాళ కాకపోతే రేపు ఊడి పురుగు పడుతుంది. మీ బీరువాలో మిగతావాటికీ పాకుతుంది."

ప్రొఫెసరు పురుగు అనగానే పెట్టెను చాచిన చేతులతో దూరంగా పట్టుకున్నారు. "ఎవడయ్యా వాడు? అలాంటివాణ్ణి ఉద్యోగంలో ఎలా ఉంచారు?"

"ఉంచారండి," అని చెప్పి అట్టల మామయ్య పెట్టెను సంచిలో వేసుకున్నాడు.

బైండింగులో ఉన్న వస్తువును ఎవరికీ ఇవ్వకూడదు. ఇవ్వలేదు. అది బల్ల మీద మూత తెరుచుకుని ఉంది, ఆ బల్ల దగ్గర స్టూలు వేసుకుని మేనకోడలు తన ల్యాప్‌టాప్‌లో చదువుకుంది. మొదటి రెండు వ్యాసాలు చదివేసరికే ఎవరో పరాయిదేశం వాళ్ళ వానపాములు కూడా తన వానపాముల్లాగే నడుచుకున్నాయని తేలి, బల్ల మీద చిన్న గుద్దు గుద్దింది. జిగురు గిన్నె ఒలికింది. అతను గుడ్డతో తుడిచేశాడు.

సంగతి ఎలాగో పొక్కి, మరో నలుగురు పరిశోధకులు కిందికి దిగారు. ఒకడు అట్టల కట్ట మీద కూర్చున్నాడు. ఇంకొకామె ప్రెస్సుకు ఆనుకుంది. ఆమె వైద్యం పెట్టెకు కూడా జబ్బు చేయించమని అడిగింది. అది తన వల్ల కాదనీ, ఒక మచ్చ చాలనీ మొదట మొండికేశాడు. తర్వాత ఎర్రపెట్టె కూడా మరమ్మతుకు వచ్చింది, దాని వెనకే నల్లది.

ప్రొఫెసరు గారు మనిషిని పంపినప్పుడల్లా పెట్టె ఇంకా ప్రెస్సులో ఉందని కబురు వెళ్ళేది. ఒకరోజు లైబ్రేరియన్ గారే దిగివచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గదినిండా జనం, మోకాళ్ళ మీద కంప్యూటర్లు. ఎవరికైనా ఇచ్చావా అని అడిగారు. ఇవ్వలేదన్నాడు అట్టల మామయ్య. గది దాటిందా అంటే దాటలేదన్నాడు. నియమం ఎక్కడా తప్పలేదని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. ఆ నెల నివేదికలో డేటాబేసుల వాడకం బాగా పెరిగిందనీ, గట్టి పెట్టెలు చేయించడమే అందుకు కారణమనీ రాసుకున్నారు.

సెలవుల చివర్లో మేనకోడలు అచ్చువేసిన కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. రేపటితో గడువు సరి అంది. అట్టల మామయ్య స్టూళ్ళ మీదివాళ్ళను ఓ మూలకు జరిపి చేతులు కడుక్కున్నాడు. కాగితాలు తట్టి అంచులు సమం చేశాడు. దబ్బనంతో రంధ్రాలు పొడిచి, మైనం పూసిన దారంతో కుట్టాడు. వెన్నుకు పల్చటి గుడ్డ అంటించి, అట్టలు తొడిగి, ప్రెస్సు చక్రం బిగించాడు. దాని మీద అతను ఇంత బలంగా చెయ్యి వేసి చాలాకాలమైంది. మర్నాడు తీసి, వెన్ను మీద ఆ పిల్ల పేరు బంగారు అక్షరాల్లో అద్దాడు. వెలుతురులోకి తిప్పి చూశాడు. మూలలన్నీ ఒకటిగా ఉన్నాయి.

"జిగురు లోపల కాస్త పచ్చిగా ఉంది. ఓ వారం ఎవరినీ గట్టిగా తెరవనివ్వకు," అన్నాడు.

"దీన్నెవరు తెరుస్తారులే మామయ్యా," అని నవ్వి, ఆ పిల్ల పుస్తకాన్ని రెండు చేతులా అందుకుంది. ఇద్దరూ కలిసే ఆఫీసుకు నడిచారు. కిటికీలోంచి గుమాస్తా చెయ్యి చాపాడు. గ్రంథం పట్టుకుని బరువు చూశాడు, వెన్ను మీది పేరు చదివాడు, లోపలి పేజీ తెరవకుండానే ముద్ర వేసి తీసుకున్నాడు.