మాట తెగకముందే మోగిన గంట

మొన్న మనవరాలు ఇంటికి కొత్త ఫ్రిజ్జు తెచ్చింది. పాతది బాగానే ఉందని, తలుపు రబ్బరు మార్పిస్తే ఇంకో రెండు వేసవులు లాగుతుందని నేనెంత చెప్పినా వినలేదు. ఆ కొత్తదాని ముందు నిలబడి, పెరుగు గిన్నె ఏ అరలో పెట్టానా అని వెతుక్కుంటూ ఉంటే అది ఉన్నట్టుండి కీచుమని కూత పెట్టింది. ఏం పాడైందోనని హడలిపోయాను. ఏమీ పాడవలేదట. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే, చల్లదనమంతా పోకముందే, పోబోతోందని చెబుతుందట. మనవరాలు నవ్వి వెళ్లిపోయింది గానీ నేను పెరుగు సంగతి మరిచి అక్కడే పీట వేసుకొని కూర్చుండిపోయాను. చెడిపోయాక మొరాయించే వస్తువులను మా తరంవాళ్లం చాలానే చూశాం. చెడకముందే చెప్పే యంత్రాన్ని నేను మొదటిసారి చూసింది శ్రీకాళహస్తి టెలిఫోను ఎక్స్ఛేంజీలో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఈ మనవరాలు చంటిబిడ్డగా ఉన్నప్పుడు.

మా ఆయన టెలిఫోను శాఖలో కేబుళ్లు అతికే పని చేసేవారు. గుంటలో దిగి, సన్నని రాగి తీగలను రంగుకు రంగు కలిపి, గుడ్డ పట్టీతో బిగించి కట్టి, గొట్టంలో పెట్టి మూసే పని. ఆయన వేసిన కట్టును మళ్లీ విప్పాల్సిన అవసరం రాలేదని అందరూ చెప్పుకునేవారు. ఇంట్లోనూ అంతే. ఆయన కట్టిన కట్టెల మోపు విప్పాలంటే నేను పళ్లకు పని చెప్పాల్సి వచ్చేది. కోడలు అదే శాఖలో పరీక్ష రాసి ఇంజనీరమ్మగా వచ్చింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆమె చేసే ఉద్యోగం ఏమిటో నాకు అంతుపట్టేది కాదు. కాన్పు సెలవు అయిపోయి ఆమె మళ్లీ పనికి పోవడం మొదలుపెట్టాక, తల్లి పాలుండగా డబ్బా పాలు దండగ అని, రోజూ మధ్యాహ్నం బిడ్డను చంకనేసుకొని నేనే ఎక్స్ఛేంజీకి నడిచి వెళ్లేదాన్ని. కాళ్లుండగా రిక్షా ఎందుకు?

ఆ గదిలోకి చెప్పులు బయట విడిచే పోవాలి. దుమ్ము పోతే యంత్రాలకు పడదట. లోపల నిలువెత్తు బీరువాల వరసలు, ఆగకుండా సన్నని హోరు, ఒళ్లు జలదరించే చల్లదనం. ఇంట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఊరుకునేదాన్ని కాదు, మనిషి లేని బీరువాలకు ఇంత చల్లగాలి ఎందుకని కోడలిని అడిగేశాను.

"వాటికీ ఉక్కపోస్తాది అత్తా" అని నవ్వింది.

బిడ్డకు పాలిస్తున్నా ఆమె ఒక కన్ను ఎదుట ఉన్న తెర మీదే ఉండేది. ఒకరోజు నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. నాయుడుపేట వైపు పోయే మాటలన్నీ వెంట్రుక లాంటి గాజు పోగులో వెలుగుగా మారి పోతాయి. దారిలో అందులో ఎంత చెదిరిపోయిందో యంత్రం పావుగంటకొకసారి సున్నా నుంచి మొదలుపెట్టి లెక్కిస్తూ ఒక అంకె చూపిస్తుంది. దానికి మనుషులు ఒక హద్దు పెట్టి ఉంటారు. అంకె ఆ హద్దు దాటితే పసుపు దీపం వెలిగి గంట మోగుతుంది. ఫోనులో మాట్లాడుకునేవాళ్లకు మాత్రం ఏ తేడా తెలియదు.

"మాట తెగిందని కాదత్తా, తెగబోతాందని చెప్తాది" అంది.

పాలు పొంగేముందు గిన్నె అంచున నురగ లేస్తుంది కదా, పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఈ పిల్ల పొయ్యి ఎక్కడో స్వర్ణముఖి అవతల, ఆమడ దూరాన ఉంటే, ఇక్కడ కూర్చొని నురగ చూస్తోంది. బిడ్డను భుజాన వేసుకొని ఇంటికి నడుస్తూ, కాళ్ల కింది నేలలో ఎన్ని వేలమంది మాటలు వెలుగై పరుగెడుతున్నాయోనని మెల్లగా అడుగు వేయడం నాకు గుర్తుంది.

ఆ ఎండాకాలమే గంట రోజూ మోగడం మొదలైంది. ఎండ ముదిరే వేళకు అంకె హద్దు దాటేది, చల్లబడితే తగ్గిపోయేది. ఫోన్లన్నీ బాగానే పలుకుతున్నాయి. తోటివాళ్లకు విసుగు పుట్టింది. "హద్దు కొంచెం పెంచేయ్ తల్లీ, అది నోరు మూసుకుంటాది, మనం అన్నం తింటాం" అన్నాడు ఒకాయన. కోడలు పెంచలేదు. వెలుగు పంపి, ఎంత దూరంలో చెదురుతోందో కొలిచే పెట్టె ఒకటి తెప్పించి చూసింది. అది చూపించిన చోటు నాయుడుపేట రోడ్డులో ఇటుకల బట్టీ పక్కన ఉన్న అతుకు. ఆ అతుకు వేసింది మా ఆయనే. ఉద్యోగం చివరికొచ్చాక, రాగి పోయి గాజు వస్తోందంటే, శిక్షణకు పోయి నేర్చుకొని మరీ వేసిన అతుకు. కొద్ది నెలల్లో పదవీ విరమణ.

పై ఆఫీసరు చెడ్డవాడు కాదు. "బాగా ఆలోచించుకోమ్మా, తవ్వి ఏమీ లేకపోతే నీ మాట పోతాది, ఉంటే మీ మామ పేరు పోతాది" అన్నాడట. ఆమె తవ్వాలనే రాసిచ్చింది.

ఆ రాత్రి ఇంట్లో మా ఆయన సంగటి ముద్ద ముందు పెట్టుకొని ముట్టలేదు.

"నా కట్టు యిప్పాలనుకుంటే నేను పొయినాక యిప్పుకోండి" అన్నారు.

కోడలు తల వంచుకునే చెప్పింది. "మీ సెయ్యంటే నాకెంత నమ్మకమో ఆ అంకె అంటే కూడా అంతే మామా. రెండూ ఒకేసారి నిజం కాలేవు గదా. అందుకే సూద్దామంటాండా."

నాకు చిర్రెత్తింది. "అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి సూస్తే వండినదానికి అవమానమా? పోయి సూసి రాండి" అన్నాను.

"నీకేం తెలుసే, మూడో క్లాసుదానివి."

"మెతుకు పట్టేదానికి మూడో క్లాసు సాలు" అన్నాను. ఆయన ముద్ద మింగారు. వేరేవాళ్ల చెయ్యి పడకూడదని, తవ్వించి తానే విప్పడానికి ఒప్పుకున్నారు.

మరునాడు మధ్యాహ్నం బిడ్డతో నేను ఆ గదిలోనే ఉన్నాను. గంట అప్పటికే మోగింది. గుంట దగ్గరి నుంచి మాట్లాడే ఫోను కోడలి చెవి దగ్గర ఉంది. ఆయన గొంతు నాకూ వినబడుతోంది.

"సుబ్బరంగా ఉండాది సూడు. సెమ్మ ల్యా, దుమ్ము ల్యా."

కోడలి ముఖం పాలిపోయింది. తెర మీద అంకె పెరుగుతూనే ఉంది. దాని మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "మామా, అతకగా మిగిలిన పోగును ఎట్లా సుట్టి పెట్టినారు?"

"ఎట్లా ఏంది? దగ్గరగా సుట్టి, పట్టీ ఏసి బిగించి కట్టినా. రాగి మాదిరే."

"ఆ పట్టీ యిప్పి, సుట్టను వదులు సేయండి మామా."

అవతల పట్టీ విప్పుతున్న అలికిడి వినబడింది. పెరుగుతున్న అంకె, ఎవరో పట్టుకున్నట్టు, అక్కడే నిలబడిపోయింది. తరువాతి పావుగంట మొదలైంది. సున్నా. అలాగే ఉంది, కదల్లేదు. పసుపు దీపం ఆరిపోయింది. ఎండలో ఎక్కడో గుంటలో నా మొగుడి వేళ్లు ఒక ముడి వదులు చేస్తే, ఆ సంగతి ఈ చల్లటి గదిలో నాకు కళ్లెదుట కనబడుతోంది. ఎన్నో దేవుళ్లకు మొక్కినదాన్ని, కానీ ఆ క్షణాన దండం ఎవరికి పెట్టాలో తోచలేదు.

"ఎంత సూపిస్తాంది?"

"సున్నా మామా."

కొంతసేపటికి మళ్లీ, "ఇప్పుడు?"

"సున్నానే."

గాజు పోగు మరీ వంగితే వెలుగు పక్కకు ఒలికిపోతుందట, ఎండకు ఆ కట్టు ఇంకా బిగిసేదట. సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కొని, చెప్పులు విడిచి, మొదటిసారి ఆ గదిలోకి వచ్చారు. ఎవరూ అడగకముందే ఆఫీసరుతో, "తప్పు నాదే సార్. రాగిని బిగించాల, గాజును బిగించగూడదు. మా కోడలు నేర్పించినాది" అన్నారు. అంతటితో ఆగలేదు. ఆ దారిలో తాను వేసిన గాజు అతుకులన్నీ తానే తెరుస్తానని అడిగి ఆ పని వేయించుకున్నారు. కట్టు విప్పనక్కరలేని మనిషని పేరున్నాయన, ఉద్యోగం దిగేదాకా గుంట గుంటకూ పోయి తన కట్లు తానే విప్పుకుంటూ వచ్చారు. ప్రతి గుంట దగ్గరి నుంచి "ఎంతమ్మా?" అని అడిగేవారట. ఆ ఏడు పడమటి కొండల నీళ్లన్నీ మా మీదికే వచ్చినట్టు వాన కురిసినా, ఆ దారిలో మాట మాత్రం తెగలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కోడలు గడువుకు ముందే ఉద్యోగం విరమించుకుంది. ఆ గదిలో ఇప్పుడు కూర్చునేవాళ్లు లేరు, అన్నీ ఏదో పెద్ద ఊళ్లో కూర్చొని చూస్తారట. రోడ్డు వెడల్పు చేశారు, ఇటుకల బట్టీ పోయింది, గుంట ఎక్కడుండేదో నేను కూడా గుర్తుపట్టలేను. నాయుడుపేట బస్సు అటు పోయేటప్పుడు మాత్రం కిటికీలోంచి చూస్తాను. ఆయన వదులు చేసిన చుట్టలో వెలుగు ఇంకా పోతూ ఉందేమో. ఉంటే, ఎక్కడో ఏ తెర ముందో కూర్చున్న బిడ్డకు అక్కడ సున్నా కనబడుతూ ఉంటుంది. ఆ సున్నా ఎవరిదో ఆ బిడ్డకు తెలియదు.