నేను లెక్కపెట్టిన నత్తలు

గోవింద్‌పూర్ పక్కన ఓ చిన్న చెరువులో లోకంలోని నత్తలన్నిటినీ నేనొక్కణ్ణే పుట్టించాను. ఆ భాగోతం వింటే మీ ఇంట్లో గ్లాసులు కూడా నన్ను లెక్కపెట్టనివ్వరు.

అప్పుడు నాది ఉక్కు కంపెనీ స్టాక్‌యార్డులో ఇనుప కడ్డీలు లెక్కపెట్టే పని. నలభై దాటాక అక్షరాలు నేర్చానేమో, చెవిన పెన్సిలు లేనిదే సంతకు కూడా వెళ్లేవాణ్ణి కాదు. కద్మా కాలనీలోని మా ఇంజనీరుగారి అమ్మాయి శారద నత్తల మీద పరిశోధన చేస్తూ, సెలవురోజుల్లో నన్ను సాయం పిలిచేది.

పద్ధతి తేలికే. రెండు వందల నత్తలు పట్టి, వీపున ఎర్ర పెయింటు చుక్క పెట్టి వదిలాం. వారం తర్వాత మళ్లీ పట్టి చూడాలి. చుక్కవి ఎక్కువ దొరికితే చెరువులో నత్తలు తక్కువ. తక్కువ దొరికితే ఎక్కువ. రెండోసారికి శారదకు జ్వరం. నేనే వెళ్లి రెండు వందలు పట్టి చీటీ తెచ్చాను.

"సూరయ్య బాబాయ్, చుక్కవి ఎన్ని?"

"ఒక్కటీ నేదమ్మా."

అక్కడ మొదలైంది అవస్థ. రెండుసార్లు పట్టినవీ గుణించి, దొరికిన చుక్కల సంఖ్యతో భాగించాలట. సున్నతో భాగించమనేసరికి ఇంజనీరుగారి లెక్కల మిషను గరగరా తిరుగుతూనే ఉంది, ఆగదు. ఆయన ప్లగ్గు పీకేశారు. అంటే నత్తలకు అంతే లేదన్నమాట. సోమవారానికి సరైన లెక్క ప్రొఫెసరుకు ఇవ్వకపోతే శారద పరిశోధన సీటు ఇంకొకరికి పోతుంది.

"ఫార్ములాయే తప్పేమో," అన్నారు ఇంజనీరుగారు.

"పెయింటు కరిగిందేమో," అంది శారద. అది తేల్చడానికి కొత్తగా చుక్క పెట్టిన నత్తలు మూడు రోజులు బకెట్లో నానాయి. పెయింటు పెళ్లికూతురి పారాణిలా మెరుస్తోంది.

"కొంగలు ఎరుపు చూసి ఏరుకు తిన్నాయేమో?" అన్నారు ఇంజనీరుగారు.

నేనూ పెద్దమనిషిలా తలూపాను. "కొంగలు సానా తెలివైనవి బాబూ."

శనివారం శారద నీరసంగా అడిగింది. "చుక్క నత్త మీ కంటికైనా కనబడలేదా బాబాయ్?"

"కనబడకేటమ్మా, ఓ నలభై తగిలేయి. ఏరి మళ్లా నీళ్లలోనే పడేసినాను."

"ఎందుకూ?"

"పెయింటు పడిందంటే లెక్కయిపోయినట్టే గదా. యార్డులో ఓ కడ్డీని రెండుసార్లు లెక్కెడితే సస్పెండు సేస్తారు. నానలాటి దొంగలెక్కలు రాయను."

ఇంజనీరుగారు మిషను మీద తల ఆనించారు. శారద నవ్వలేదు. "వారం నుంచి మనం బాగుచేస్తున్నది ఫార్ములాని కాదు నాన్నా, బాబాయి నిజాయితీని," అంది.

ఆదివారం పొద్దున్నే నన్ను చెరువులో దించి, గట్టున గొడుగేసుకు కూర్చుని, ప్రతి నత్తనీ చూపించుకుంది. సోమవారం కాగితాలు అందాయి, సీటు నిలిచింది. మొదటి లెక్క ఎందుకు కొట్టేశావని ప్రొఫెసరు అడిగాడట.

"పరికరంలో లోపం సార్," అందట.

ఆ పరికరం నేనే. ఆ రోజే గంభీరంగా ఒట్టేసుకున్నాను: ఇక ఈ జన్మలో, పైవాళ్ల అనుమతి లేకుండా నా నిజాయితీని బయటికి తీయను.